వంపు చూసిందెప్పుడు, చెప్పిందెప్పుడు?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ స్పోర్ట్స్ పేజీలో అమెరికా కాలేజీ ఐస్ హాకీ మీద వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పేపర్లో ఈ ఆటకి అరపేజీ ఇవ్వడమే గొప్ప, రాసినాయనకి థాంక్స్. కానీ అందులో ఒక పేరా మాత్రం నాకు మింగుడు పడలేదు. మ్యాచ్ ఆఖరి నిమిషాల్లో అవతలి జట్టు కుర్రాడి స్టిక్ కొలవమని రెఫరీని అడిగి, అది రూల్‌కి మించి వంగి ఉందని తేలాక వచ్చిన పెనాల్టీతో గెలిచే కోచ్‌లని ఆయన చాణక్యులన్నారు, మన కోచ్‌లు కూడా రూల్ పుస్తకం అంత శ్రద్ధగా చదవాలన్నారు. చదవాలి, కాదనను. కానీ చదివి ఏం చేస్తున్నారన్నది కూడా చూడాలి కదా. ఉత్తరం కాస్త పొడుగైంది, వీలైతే మొత్తం వేయండి.

నాది అనంతపురం జిల్లా. డిగ్రీ అయ్యేదాకా హాకీ ఆడాను, టర్ఫ్ మీద కాదు, మట్టి గ్రౌండ్ మీద. పెళ్లయ్యాక అమెరికాలోని మినియాపొలిస్ వచ్చేశాం. ఇక్కడ చలికాలం చెరువులు గడ్డకట్టడం ఆలస్యం, పిల్లలు స్కేట్లు కట్టుకుని దిగిపోతారు, మా అబ్బాయీ అలాగే ఐస్ హాకీలో పడ్డాడు, ఇప్పుడు హైస్కూల్ జట్టులో ఆడుతున్నాడు. కాలేజీలో ఆడాలని వాడి కోరిక. వాడితో పాటు శుక్రవారం, శనివారం కాలేజీ మ్యాచ్‌లకి వెళ్లడం నాకూ అలవాటైపోయింది. ఇక్కడ కాలేజీ హాకీ అంటే మన ఇంటర్ కాలేజీ పోటీల్లా ఖాళీ గ్రౌండ్లో జరిగేది కాదు, ఊరంతా వస్తుంది. కాలేజీ ఆటలు నడిపే సంస్థ ఎన్‌సీఏఏ, దాని మొదటి డివిజన్లో మగపిల్లల జట్లే అరవైకి పైగా ఉన్నాయి, 1948 నుంచీ జాతీయ టోర్నమెంట్ నడుస్తోంది, 2024 నాటికి డెన్వర్ యూనివర్సిటీ పది సార్లు, మిషిగన్ తొమ్మిది సార్లు గెలిచాయి. ఇంత పెద్ద ఆటలో కోచ్ ఉద్యోగం గెలుపోటముల మీదే నిలుస్తుంది, కాబట్టి ఏ చిన్న సందు దొరికినా వాడుకోవాలనిపిస్తుంది. అది నాకు అర్థమవుతుంది.

ఈ ఆట చూడనివాళ్ల కోసం రూల్ ఏమిటో చెప్తాను. ఐస్ హాకీ స్టిక్ కింది భాగాన్ని బ్లేడ్ అంటారు, అది పక్కకి కాస్త వంగి ఉంటుంది. వంపు ఎంత ఎక్కువుంటే పక్, అంటే బాల్ బదులు వాడే రబ్బరు బిళ్ల, అంత సులువుగా గాల్లోకి లేస్తుంది, ఎటు పోతుందో గోలీకి, అంటే గోల్‌కీపర్‌కి, అంత తెలియకుండా పోతుంది. 1960లలో షికాగో జట్టులో స్టాన్ మికీటా, బాబీ హల్ బాగా వంచిన బ్లేడ్లతో కొడుతుంటే గోలీలు హడలిపోయారు, అప్పటికి చాలామంది గోలీలకి ముఖానికి మాస్కు కూడా లేదు మరి. అందుకని హద్దులు పెట్టడం మొదలైంది, 1970లో ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్ వంపు అర అంగుళం మించకూడదంది, 2006లో దాన్ని ముప్పావు అంగుళానికి సడలించింది. కాలేజీ రూల్ పుస్తకంలోనూ ఇలాంటి హద్దే ఉంది. అంటే ఈ రూల్ పుట్టింది ఎదురుగా నిలబడ్డవాడి మూతి పగలకుండా, ఆట అదుపులో ఉండేలా. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ దీని దగ్గరికే రావాలి.

ఇక అమలు. రెఫరీ తనంతట తాను అందరి స్టిక్‌లూ కొలవడు. ఎదుటి జట్టు అడగాలి. అడిగితే ఆట ఆగిన సమయంలో రెఫరీ ఆ స్టిక్ తీసుకుని స్కోరర్ల బల్ల దగ్గరికి వెళ్లి వంపు కొలిచే గేజ్ పెట్టి చూస్తాడు. హద్దు దాటితే ఆ ఆటగాడు రెండు నిమిషాలు ఆట బయట పెనాల్టీ బాక్స్‌లో కూర్చోవాలి. దాటకపోతే అడిగిన జట్టుకే రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ శిక్ష పడ్డ జట్టు, గోలీ కాక, అయిదుగురి మీద నలుగురితోనే ఆడాలి, ఎదుటి జట్టుకి దాన్నే పవర్ ప్లే అంటారు, సుమారుగా అయిదు పవర్ ప్లేల్లో ఒకటి గోల్ అవుతుంది. గోల్స్ తక్కువ పడే ఆటలో, చివరి నిమిషాల్లో, ఇది చిన్న విషయం కాదు.

కాబట్టి కోచ్‌లు ఏం చేస్తారంటే, వార్మప్‌లోనే కన్నేసి ఉంచుతారు. ఎవడి బ్లేడ్ ఎలా ఉందో అసిస్టెంట్ కోచ్ నోట్ చేసుకుంటాడు. ఖాయం అనుకున్న ఆటగాడి జెర్సీ నంబర్ ఒకటి కోచ్ చెవిలో వేస్తాడు. ఆ నంబర్ జేబులోనే ఉంటుంది. మ్యాచ్‌కి ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు, మొదటి పీరియడ్ అయిపోతుంది, రెండోది అయిపోతుంది, ఆ కుర్రాడు అదే స్టిక్‌తో పాస్‌లిస్తాడు, గోల్ కూడా కొడతాడేమో, ఎవరూ కిక్కురుమనరు. మూడో పీరియడ్లో, మనం ఒక గోల్ వెనకబడ్డప్పుడు, ఇక అయిదు నిమిషాల్లో ఓడిపోతామన్నప్పుడు, అప్పుడు కోచ్‌కి హఠాత్తుగా ఆ వంపు కనబడుతుంది.

దీనికి అందరూ చెప్పే కథ 1993 స్టాన్లీ కప్, అంటే ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్, ఫైనల్. మీ వ్యాసంలో దాని గురించి ఒక్క వాక్యమే ఉంది. అది కాలేజీ ఆట కాదు, ప్రొఫెషనల్, కానీ ఇక్కడి ప్రతి కోచ్‌కీ పాఠం అక్కడినుంచే వచ్చింది కాబట్టి చెప్పాలి. మాంట్రియల్, లాస్ ఏంజెలెస్ తలపడ్డాయి. మొదటి మ్యాచ్ లాస్ ఏంజెలెస్ 4-1తో గెలిచింది. జూన్ 3న మాంట్రియల్లో రెండో మ్యాచ్, అందులోనూ 2-1తో వాళ్లదే పైచేయి. ఇంకా 1 నిమిషం 45 సెకన్లే ఉంది. అప్పుడు మాంట్రియల్ కోచ్ జాక్ డెమర్స్, లాస్ ఏంజెలెస్ ఆటగాడు మార్టీ మెక్‌సోర్లీ స్టిక్ కొలవమన్నాడు. కొలిచారు. హద్దు దాటింది. డెమర్స్ తన గోలీని కూడా బయటికి లాగేసి ఆరుగురిని నలుగురి మీదికి తోలాడు, ఎరిక్ డెస్‌జార్డిన్స్ అర నిమిషంలో గోల్ కొట్టి సమం చేశాడు, ఓవర్‌టైమ్ మొదలైన 51 సెకన్లకి అతనే మళ్లీ కొట్టి గెలిపించాడు. ఆ తర్వాత లాస్ ఏంజెలెస్ ఒక్కటీ గెలవలేదు, కప్పు 4-1తో మాంట్రియల్‌కి పోయింది. లాస్ ఏంజెలెస్ స్టిక్‌లు మ్యాచ్‌కి ముందే ఎవరో చాటుగా కొలిచారన్న ఆరోపణ అప్పటినుంచీ ఉంది, మాంట్రియల్ వాళ్లు ఒప్పుకోలేదు, దాని జోలికి నేను పోను.

మెక్‌సోర్లీది తప్పే. అది అతనికీ తెలుసు. అప్పట్లో చాలామంది వంపు ఎక్కువున్న స్టిక్‌తో ఆడి, మ్యాచ్ బిగిసినప్పుడు మాత్రం రూల్‌కి సరిపోయే స్టిక్ తీసుకునేవాళ్లు. అతను మార్చుకోలేదు. రెండు జట్లవాళ్లూ డబ్బు తీసుకుని ఆడే పెద్దవాళ్లు, ఒకరి ఎత్తు ఒకరికి తెలిసినవాళ్లు. కాబట్టి ఆ మ్యాచ్ గురించి నాకు పెద్ద బాధ లేదు. నా బాధంతా అదే ఎత్తు పందొమ్మిదేళ్ల పిల్లల మీద వేయడం.

ఇక్కడ నేను చూసిన ఒక కాలేజీ మ్యాచ్ చెప్తాను, జట్ల పేర్లు రాయను, ఎందుకంటే ఆ కుర్రాడు ఎవరో తెలిసిపోతుంది. మూడో పీరియడ్ సగం దాటింది. అతిథి జట్టు ఒక గోల్ ముందుంది. విజిల్ పడగానే ఇంటి జట్టు కెప్టెన్ రెఫరీ దగ్గరికి స్కేట్ చేసుకుంటూ వెళ్లి ఏదో చెప్పాడు, రెఫరీ ఒక కుర్రాడి ముందు ఆగి చెయ్యి చాపాడు. ఆ పిల్లాడికి ఏం అడుగుతున్నారో ముందు అర్థం కాలేదు. స్టిక్ ఇచ్చేశాడు. ఇచ్చాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గ్లవ్స్ ఒకదానికొకటి రుద్దుకుంటూ నిలబడ్డాడు. రెఫరీ బల్ల మీద గేజ్ పెట్టి, తీసి, తిప్పి, మళ్లీ పెట్టి చూస్తున్నాడు, అంతసేపూ కొన్ని వేలమంది ఆ కుర్రాడినే చూస్తున్నారు, విద్యార్థుల స్టాండ్‌లోంచి "మోసగాడు" అని పాటలా అరుస్తున్నారు. వాడు షాపులో కొన్న స్టిక్‌ని ఇంట్లో కాస్త వేడి చేసి వంచుకున్నాడో, కొన్నదే అంతో, నాకు తెలీదు. పెనాల్టీ పడింది. గోల్ అయింది. ఓడిపోయారు. బయటికొస్తుంటే మా అబ్బాయి అడిగింది ఒక్కటే, అతని స్టిక్ మొదటి పీరియడ్లో కూడా అదే కదమ్మా అని.

అదే కదా అసలు విషయం! ఆ స్టిక్ మొదటి నిమిషంలోనూ అదే. నిజంగా దానివల్ల గోలీకి అపాయం ఉందనుకుంటే, నిజంగా దానివల్ల ఆట అన్యాయమవుతోందనుకుంటే, నలభై నిమిషాలు తన గోలీని ఆ అపాయం ముందు నిలబెట్టిందెవరు? తెలిసీ చెప్పని కోచే. తప్పు చేసినవాడు ఒకడైతే ఆ తప్పుని దాచిపెట్టి వడ్డీతో వసూలు చేసుకున్నవాడు ఇంకొకడు. మనం మొదటివాడికి శిక్ష వేసి రెండోవాడికి శాలువా కప్పుతున్నాం.

రూల్ రూలే, దొరికితే దొరికినట్టే అనేవాళ్లున్నారు. మా బంధువుల్లోనే ఒకాయన నాతో చాలాసేపు వాదించాడు, స్పీడ్ ఎక్కువ వెళ్లేవాడిని పోలీసు ఏ మలుపులో పట్టుకున్నా తప్పు తప్పే కదా అన్నాడు. పోలీసుకి ఆ కారు ఓడిపోతే వచ్చేదేమీ లేదు. కోచ్‌కి ఉంది. అందుకే రూల్ ఎప్పుడు అమలవ్వాలన్నది కోచ్ చేతిలో పెట్టకూడదంటున్నాను. శిక్ష వద్దనడం లేదు, స్టిక్ వంపు ఎక్కువుంటే ఆ రెండు నిమిషాలూ పడాల్సిందే, ఆ పిల్లాడూ తన సామాను తాను చూసుకోవాలి, మా వాడికి నేను చెప్పేదీ అదే. శిక్ష పడే వేళని ప్రత్యర్థి ఎంచుకోవడం మీదే నా అభ్యంతరం.

బేస్‌బాల్లో ఇలాంటి గొడవే ఒకటి తేలింది, అది ఇక్కడ పనికొస్తుంది. 1983 జూలై 24న న్యూయార్క్ యాంకీస్ మీద కాన్సస్ సిటీ ఆటగాడు జార్జ్ బ్రెట్ చివరి ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి జట్టుని 5-4తో ముందుకి తెచ్చాడు. వెంటనే యాంకీస్ మేనేజర్ బిల్లీ మార్టిన్ వచ్చి, బ్యాట్‌కి పట్టు కోసం రాసే జిగురు 18 అంగుళాల హద్దు దాటి ఉందన్నాడు. అంపైర్లు కొలిచి బ్రెట్‌ని అవుట్ అన్నారు, మ్యాచ్ అయిపోయిందన్నారు. బ్రెట్ ఎలా ఉరికొచ్చాడో ఆ వీడియో ఇప్పటికీ చూస్తారు జనం. యాంకీస్ వాళ్లకి ఆ బ్యాట్ సంగతి అంతకుముందే తెలుసు, పనికొచ్చే సమయం కోసం ఆగారు. కాన్సస్ సిటీ అప్పీలు చేస్తే లీగ్ ప్రెసిడెంట్ లీ మెక్‌ఫేల్ అంపైర్ల నిర్ణయాన్ని కొట్టేశాడు, ఆ బ్యాట్‌ని పక్కన పెట్టించాల్సింది గానీ కొట్టిన పరుగులు తీసేయడం ఆ రూల్ ఉద్దేశం కాదన్నాడు. ఆగస్టు 18న మిగిలిన ఆట ఆడించారు, 5-4తో కాన్సస్ సిటీయే గెలిచింది. రూల్ ఎందుకు పెట్టారో అడిగి, దానికి తగ్గట్టు తీర్పిచ్చిన మనిషి ఆయన. హాకీలో అలా అడిగేవాళ్లు కావాలి.

స్టిక్ ఒక్కటే కాదు. గోలీల సామానుతో జరిగేది ఇంకా ఎక్కువ, ఎందుకంటే అది రోజూ జరుగుతుంది, ఎవరూ పట్టించుకోరు. ఒక జట్టు ఒత్తిడికి తట్టుకోలేక తమ సగంలోంచి పక్‌ని అవతలి చివరిదాకా కొట్టేస్తే దాన్ని ఐసింగ్ అంటారు, అలా కొట్టిన జట్టు అలిసిపోయిన ఆటగాళ్లని మార్చుకోడానికి వీల్లేదు, అదే దానికి శిక్ష. అయిదుగురూ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతుంటారు. సరిగ్గా అప్పుడే గోలీకి మాస్కు పట్టీ ఊడుతుంది. లేదా కాలి ప్యాడ్ బకిల్ వదులవుతుంది. బెంచ్ దగ్గరికి మెల్లగా వెళ్తాడు, ట్రైనర్ వంగి ఏదో బిగిస్తాడు, కోచ్ ఈలోగా బోర్డు తీసి గీసి చూపిస్తాడు. టైమవుట్ ఖర్చవకుండా టైమవుట్ దొరికిపోయింది. సామాను సవరణ కోసం ఆట ఆపకూడదని రూల్ పుస్తకాల్లో ఉంది. కానీ పిల్లాడి మాస్కు నిజంగానే ఊడిందేమో, దెబ్బ తగిలితే ఎవరిది పూచీ అని రెఫరీ వెనకాడతాడు, అతన్ని తప్పు పట్టలేం. కోచ్ వాడుకునేది ఆ వెనకాడటాన్నే. రక్షణ కోసం పెట్టిన సామానుని అడ్డం పెట్టుకుని ఊపిరి పీల్చుకోవడం నాకైతే స్టిక్ కొలిపించడం కంటే అన్యాయం అనిపిస్తుంది, ఎందుకంటే రేపు ఎవరి పట్టీ అయినా నిజంగా ఊడినా రెఫరీ నమ్మడు.

మన దగ్గర ఇవి లేవనుకోకండి. మా రోజుల్లో ఒక యూనివర్సిటీ టోర్నమెంట్లో మా జట్టులో ఒకమ్మాయి స్టిక్ చీలితే ఫెవికాల్ పెట్టి, దారం చుట్టి, పైన టేపు వేసుకుని ఆడేది. ఇంకో స్టిక్ లేదు, వాళ్ల నాన్న కూలిపనికి వెళ్లేవాడు, హాస్టల్‌కి పంపేదే కష్టం. స్టిక్ అంచులు నున్నగా ఉండాలి, గీరుకునేవి బయటికి ఉండకూడదు అని హాకీ రూల్, అది మంచి రూలే, వేళ్లు తెగుతాయి. అవతలి కోచ్ మ్యాచ్ ముందు షేక్‌హ్యాండ్ ఇచ్చినప్పుడే ఆ టేపు చూశాడు, ఏమ్మా ఇలా ఉంది అని నవ్వాడు కూడా. ఏమీ అనలేదు. రెండో సగంలో మాకు పెనాల్టీ స్ట్రోక్ వచ్చింది, కొట్టాల్సింది ఆ అమ్మాయే, బాల్ మచ్చ మీద పెట్టాక అప్పుడు చెయ్యెత్తాడు. అంపైర్ చూసి స్టిక్ మార్చమన్నాడు. మా అందరి స్టిక్‌లూ దానికి పొడుగే. చేతికి రాని స్టిక్‌తో కొట్టింది, గోల్‌కీపర్ కాలికి తగిలింది. మ్యాచ్ పోయింది. పోనీండి, మ్యాచ్‌లు పోతుంటాయి. కానీ అందరి ముందూ ఆ టేపు విప్పి చూపించాల్సి రావడం, అది దాని మనసులోంచి పోలేదు. ఆ తర్వాతి ఏడాది ఆటకి రాలేదు.

సామాను రూల్స్ ఎప్పుడూ డబ్బులేని పిల్లల మీదే ముందు పడతాయి. ఇక్కడా అంతే. కొత్త రకం కార్బన్ స్టిక్ ఒక్కటి మూడొందల డాలర్లకి పైనే ఉంటుంది, పెద్ద కాలేజీల జట్లకి కంపెనీల నుంచి డజన్ల కొద్దీ వస్తాయి, ఒకటి తేడాగా ఉంటే ఇంకొకటి చేతికందుతుంది, సామాను చూసుకునే మేనేజర్ వేరే ఉంటాడు, ప్రతి స్టిక్ ముందే కొలిచి పెడతాడు. చిన్న కాలేజీలో పిల్లాడు తన సామాను తానే మోసుకొస్తాడు. ఎవరు దొరుకుతారు చెప్పండి.

పరిష్కారం కష్టమైనదేం కాదు, పక్కనున్న ఆటలే చూపించాయి. మన ఫీల్డ్ హాకీలో స్టిక్ వంపు 25 మిల్లీమీటర్లు మించకూడదు, డ్రాగ్ ఫ్లిక్‌లు, అంటే బాల్‌ని స్టిక్‌తో ఈడ్చి విసిరే షాట్లు, మరీ ప్రమాదంగా మారుతున్నాయని 2006లో 50 నుంచి 25కి తగ్గించారు. స్టిక్ మొత్తం 51 మిల్లీమీటర్ల రింగులోంచి దూరాలి, బరువు 737 గ్రాములు దాటకూడదు. అంతర్జాతీయ టోర్నమెంట్లలో టెక్నికల్ అధికారులే ఇవన్నీ ముందుగా చూసేస్తారు. ఆట మొదలయ్యేసరికి ఆ గొడవ అయిపోతుంది. పెనాల్టీ కార్నర్‌కి డిఫెండర్లు మాస్కులు, గ్లవ్స్, మోకాలి ప్యాడ్లు తొడుక్కోడానికి కావాలని లేట్ చేసేవాళ్లు, దానికి గడియారం ఆపి 40 సెకన్లు ఇచ్చారు, అంతే, నాటకాలకి జాగా లేకుండా పోయింది. ఐస్ హాకీలో గోలీ పట్టీకి ఇలాంటి లెక్క ఒకటి పెట్టడానికి ఏం అడ్డం?

క్రికెట్ అయితే మీ పాఠకులందరికీ తెలుసు. బ్యాట్ వెడల్పు 10.8 సెంటీమీటర్లు, మందం 6.7, అంచు 4 సెంటీమీటర్లు దాటకూడదు. 2025 ఐపీఎల్‌లో అంపైర్లే గేజ్ పట్టుకుని, బ్యాటర్ వస్తుంటేనే బ్యాట్ అందులోంచి దూర్చి చూశారు. దూరకపోతే బ్యాట్ మార్చుకున్నారు, ఆట నడిచింది. ఎదుటి కెప్టెన్ పందొమ్మిదో ఓవర్ దాకా కాచుకుని ఫలానావాడి బ్యాట్ కొలవండి అనడం, దానికి పరుగులు కోసేయడం ఉంటే మనం ఊరుకునేవాళ్లమా? హైదరాబాద్ మ్యాచ్‌లో అలా జరిగితే మీ పేపర్లో హెడ్డింగ్ ఎలా ఉండేదో ఒక్కసారి ఆలోచించండి.

ఇంకొకటి కూడా చెప్పాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్ మనవాళ్లు షూటౌట్‌లో 4-2తో గెలిచారు. గెలిచాక హాకీ ఇండియా అంపైరింగ్ మీద ఫిర్యాదు చేసింది. అందులో మన ఆటగాడు అమిత్ రోహిదాస్‌కి ఇచ్చిన రెడ్ కార్డు గొడవ ఉంది, దానివల్ల మనకి నష్టం ఉంది కాబట్టి అది సహజం. కానీ షూటౌట్‌లో బ్రిటన్ గోల్‌కీపర్ వీడియో ట్యాబ్లెట్ వాడాడనీ, గోల్ వెనకనుంచి కోచింగ్ అందిందనీ కూడా రాశారు. ఆ రెండింటివల్ల మనకి కొత్తగా వచ్చేదేమీ లేదు, అప్పటికే గెలిచాం. అయినా రాశారు, రేపు వేరే జట్టుకి జరగకూడదని. ఫిర్యాదు ఎందుకు చేస్తున్నారో తెలుసుకోవాలంటే ఎప్పుడు చేశారో చూస్తే చాలు. నాకు ఆ రోజు గెలుపు ఎంత నచ్చిందో ఆ ఫిర్యాదూ అంత నచ్చింది. చిత్తూరు జిల్లా నుంచి వెళ్లి ఇండియా జట్టుకి ఆడిన ఎతిమరపు రజని లాంటి గోల్‌కీపర్లు ఉన్న మనకి, గోల్ ముందు నిలబడటమంటే ఏమిటో, అక్కడ సామాను విషయంలో నిజాయితీ ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

కాలేజీ హాకీలో నేను అడిగేది ఇంతే. రెఫరీలు మ్యాచ్‌కి ముందు, పీరియడ్ల మధ్య విరామంలో వాళ్లంతట వాళ్లే కొన్ని స్టిక్‌లు తీసి కొలవాలి. కోచ్‌కి ఎవరి స్టిక్ మీదైనా అనుమానం ఉంటే ఆ విరామంలోనే చెప్పాలి, పీరియడ్ మొదలయ్యాక ఆ తలుపు మూసేయాలి. శిక్ష అలాగే ఉండనివ్వండి, తర్వాతి పీరియడ్ మొదటి రెండు నిమిషాలు బాక్స్‌లో కూర్చుంటాడు, నేర్చుకుంటాడు. మధ్యలో కొత్త స్టిక్ తెచ్చుకుని మోసం చేస్తే అన్న ప్రశ్న వస్తుంది, దానికీ జవాబుంది, విరిగిన స్టిక్ బదులు తెచ్చుకున్నది తర్వాతి విరామంలో కొలవండి. గోలీ సామాను సవరణ నిర్ణీత సమయం దాటితే ఆ జట్టు టైమవుట్ కింద లెక్కేయండి, టైమవుట్ ముందే అయిపోతే రెండో గోలీని దింపమనండి. నిజంగా పట్టీ తెగిన పిల్లాడికి దీనివల్ల నష్టం లేదు.

ఇలా చేస్తే ఆటలో తెలివికి చోటుండదని ఎవరైనా అంటే, వాళ్లు ఒక శుక్రవారం రాత్రి మంచి కాలేజీ మ్యాచ్ చూడాలి. ముగ్గురే మిగిలినప్పుడు ఎదుటివాళ్లని గోడవైపు నెట్టుకుంటూ ఆపే పద్ధతులు, అలిసిన లైన్ మీదికి, అంటే కలిసి దిగే ఆటగాళ్ల గుంపు మీదికి, కొత్త లైన్‌ని సరిగ్గా ఏ క్షణంలో వదలాలన్న లెక్క, రెఫరీ పక్ వేసి ఆట మొదలెట్టే ఫేసాఫ్ దగ్గర ఎవర్ని నిలబెట్టాలన్న పట్టు, గోలీని ఏ నిమిషంలో బయటికి లాగాలన్న ధైర్యం, ఇవన్నీ కోచ్ బుర్రలోంచే రావాలి. డెమర్స్ కూడా ఆ రాత్రి గోలీని లాగేసి ఆరుగుర్ని దింపాడే, దాన్ని మెచ్చుకోండి, నేనూ చప్పట్లు కొడతాను.

ఎన్‌సీఏఏ హాకీ రూల్స్‌ని రెండేళ్లకోసారి సవరిస్తారు. ఈసారి మా హైస్కూల్ తల్లిదండ్రులం కొందరం కలిసి పైన రాసినవి పంపుతున్నాం. మీ పేపర్ చదివే తెలుగు పిల్లలు ఇక్కడి యూనివర్సిటీల్లో వేలమంది ఉన్నారు, వాళ్లలో చాలామంది తమ కాలేజీ రింక్‌కి వెళ్లి అరిచేవాళ్లే. వాళ్లు కూడా తమ అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్‌కి ఒక ఈమెయిల్ రాస్తే బాగుంటుంది. మీ స్పోర్ట్స్ పేజీ వాళ్లకి నా మనవి కూడా ఒకటుంది. ఇలాంటి మ్యాచ్ గురించి మళ్లీ రాసినప్పుడు, స్టిక్ ఎన్ని అంగుళాలు వంగి ఉందో దాంతో పాటు, కోచ్ దాన్ని ఏ పీరియడ్లో చూశాడో కూడా కనుక్కుని రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మినియాపొలిస్